‘మన’ జట్టు ఎవరిది?

2025 మార్చి రెండో వారం. రాయదుర్గంలో మేం పనిచేసే బిల్డింగు నాలుగో అంతస్తులో క్యాంటీన్. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి కిటికీ పక్క పొడుగు బల్ల దగ్గర రోజూ చేరే ఆరేడుగురిలో నేనూ ఒకదాన్ని. ఐపీఎల్ మొదలవడానికి ఇంకో పది రోజులుంది. టిఫిన్ బాక్సుల మూతలు తీస్తుండగానే లెక్కలు మొదలయ్యేవి. హెడ్, అభిషేక్ శర్మ ఆరు ఓవర్లు నిలబడితే చాలు, ఆ వెనక ఇషాన్ కిషన్ ఉన్నాడు, నితీశ్ రెడ్డి ఉన్నాడు, క్లాసెన్ ఉన్నాడు, ఇంక ఆపేదెవరు అని ఒకరు. అది సరే, భువనేశ్వర్‌ని వదులుకున్నారు, నటరాజన్‌ని వదులుకున్నారు, ఆఖరి ఓవర్లు ఎవరు వేస్తారు, ఆపరేషనయ్యాక షమీకి ఆ పాత వేగం ఉందా అని ఇంకొకరు. కరీంనగర్ నుంచి వచ్చిన టెస్టింగ్ కుర్రాడొకడు పెరుగన్నం కలుపుకుంటూ తేల్చి చెప్పాడు: ‘‘ఈసారి మూడొందలు కొడ్తం అక్కా. రాసి పెట్టుకో.’’

కొడ్తం. నేను ఆ క్రియాపదం దగ్గరే ఆగిపోయాను. సాహిత్యంలో పిహెచ్.డి. చేసినవాళ్ళకి ఉండే రోగం ఇది. ఎదుటివాడు చెప్పే సంగతి వదిలేసి వాడి వ్యాకరణం పట్టుకుంటాం. తెలుగులో మేము వేరు, మనము వేరు. వినేవాళ్ళని కలుపుకుంటే మనం, బయట పెడితే మేం. చాలా భాషల్లో లేని సదుపాయం ఇది. కానీ క్రియకి మాత్రం ఆ తేడా తెలియదు. మేం కొడతాం, మనం కొడతాం, రెండూ ఒకటే. కొట్టబోయేది అడిలైడ్‌లో పుట్టిన ట్రావిస్ హెడ్. జీతమిచ్చేది చెన్నై కంపెనీ. మరి ఆ ‘కొడ్తం’లో ఈ అబ్బాయి ఎక్కడున్నాడు? అందులో నేనున్నానా?

ఉన్నానా అని అడగటానికి కారణముంది. ఆ బల్ల దగ్గర నాకు చోటు దొరకటానికి మూడు నెలలు పట్టింది. కూర్చోవటానికి కాదు, మాట్లాడటానికి. మొదట్లో నేనేదన్నా అంటే ‘‘మేడమ్‌కి క్రికెట్ కూడా తెలుసే’’ అని నవ్వేవాళ్ళు. మా టీమ్ లీడ్, చాలా మర్యాదస్తుడు, డక్‌వర్త్ లూయిస్ అంటే ఏమిటో చెప్పండి చూద్దాం అన్నాడొకరోజు. అది అతనికీ తెలియదని తర్వాత అర్థమైంది. మగవాడు అభిమాని కావటానికి అరవటం వస్తే చాలు, ఆడది పరీక్ష రాయాలి. పాసయ్యాక కూడా, ఎవరు అందంగా ఉన్నారనే కదా వీళ్ళు చూసేది అన్న అనుమానం పోదు. నా పక్క సీటు అమ్మాయిది ఆదోని. స్కూల్లో ఉండగా ఎడమచేత్తో బౌలింగ్ వేసేది, పదో తరగతిలో ఇంట్లో మాన్పించారు. ఈ బల్ల దగ్గర అందరికంటే ఆట తెలిసిన మనిషి ఆమె. అందరికంటే తక్కువ మాట్లాడేదీ ఆమే.

నేనక్కడ ఏం చేస్తున్నానో కూడా చెప్పాలి. గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలో తెలుగు కథల్లో ఆడవాళ్ళ ఇంటిచాకిరీ మీద పరిశోధన చేసి, నాలుగేళ్ళు గెస్ట్ లెక్చరర్‌గా కాలేజీల చుట్టూ తిరిగి, చివరికి ఈ అద్దాల మేడలో తేలాను. ఒక కంపెనీ యాప్‌లో కనిపించే మాటల్ని తెలుగు చేయటం నా పని. కాంట్రాక్టు మీద. మెడలో వేసుకునే ఐడీ కార్డు తాడు రంగులోనే తెలిసిపోతుంది ఎవరు సొంతమో ఎవరు బయటివాళ్ళో.

ఆ మార్చిలోనే ఆఫీసులో అప్రైజల్స్ కూడా. అప్పుడు గమనించాను, బల్ల దగ్గర మేం ఆటగాళ్ళ గురించి వాడే మాటలూ, మేనేజర్లు మా గురించి వాడే మాటలూ ఒకటేనని. బెంచి. రిలీజ్. రిటెన్షన్. ఫలానావాణ్ణి బెంచి మీద కూర్చోబెట్టారు, ఫలానావాణ్ణి రిలీజ్ చేశారు అని ఇక్కడెవరైనా అంటే అది సన్‌రైజర్స్ గురించో, అయిదో అంతస్తులో ఆగిపోయిన ప్రాజెక్టు గురించో ముందూ వెనకా వింటేగానీ తెలియదు. ‘‘ఎనిమిది కోట్లకి వీడు వేస్టు’’ అని హర్షల్ పటేల్ గురించి ఒకతను ఘాటుగా అన్నాడు. ఆ సాయంత్రమే అతని రేటింగ్ వచ్చింది. మర్నాడు భోజనానికి రాలేదు. మూడోరోజు వచ్చాడు గానీ హర్షల్ మాట ఎత్తలేదు.

మనుషుల్ని ఇలా తూకం వేయటం తప్పు కాదా అన్నది నన్ను చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న. 2024 నవంబర్ 24, 25 తేదీల్లో జెడ్డాలో జరిగిన వేలం నేను మొత్తం చూశాను. సుత్తి పట్టుకుని నిలబడింది మల్లికా సాగర్. 2023 డిసెంబర్‌లో దుబాయిలో ఐపీఎల్ వేలం నడిపిన మొదటి మహిళ ఆమె. మగవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే ఒక ఆడమనిషి గొంతులో పలుకుతుంటే, వాళ్ళ ధర పెరుగుతూ పోతుంటే, లేదా ఎవరూ చెయ్యెత్తక ఆ గొంతు ఒక క్షణం ఆగి తర్వాతి పేరుకి వెళ్ళిపోతుంటే, నాలో ఒక చిన్న దుర్మార్గపు సంతోషం కలిగిన మాట నిజం. ఇన్నాళ్ళకి వీళ్ళకీ తెలిసొచ్చింది అనుకున్నాను. నన్ను మూడుసార్లు పెళ్ళిచూపుల్లో కూర్చోబెట్టారు. మూడోసారి వచ్చినవాళ్ళు ‘డాక్టర్’ అన్నమాట విని, క్లినిక్ ఎక్కడమ్మా అని అడిగారు. సాహిత్యంలో అని మా అమ్మ చెప్పగానే ఆ పెద్దావిడ కాఫీ కప్పు కింద పెట్టిన చప్పుడు నాకింకా వినిపిస్తుంది. కన్యాశుల్కం రోజుల్లో పిల్లని అమ్మారు, వరవిక్రయం నాటికి పిల్లవాణ్ణి అమ్మారు. ఎవరు అమ్ముడుపోయినా తూకంలో నిలబడి కళ్ళు దించుకున్నది మాత్రం అమ్మాయే.

కానీ ఆ సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. వేలంలో ఉన్న ఆటగాడు తన పేరు తానే ఇచ్చుకున్నాడు, కనీస ధర తానే చెప్పుకున్నాడు. అమ్ముడుపోతే ఆ డబ్బు అతనికే వస్తుంది. పెళ్ళిచూపులకి దాన్ని పోల్చడం నా కసి తప్ప న్యాయం కాదు. రెండింటిలోనూ ఒకటే ఉంది: ఎదుటి మనిషి రేపు ఏమవుతాడో ఇవాళే తేల్చేయాలన్న తొందర.

ఇక ‘మన’ అన్నమాట సంగతి.

హైదరాబాద్‌కి 2008లో మొదటి జట్టు వచ్చింది, డెక్కన్ ఛార్జర్స్. ఆ ఏడు అట్టడుగున నిలిచింది. 2009లో ఎన్నికల వల్ల పోటీలన్నీ దక్షిణాఫ్రికాకి తరలిపోతే, సొంత ఊళ్ళో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే, గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో జొహానెస్‌బర్గ్‌లో కప్పు గెలిచింది. 2012 సెప్టెంబర్‌లో యజమానుల డబ్బు ఇబ్బందులు ముదిరి, బోర్డు ఆ జట్టునే రద్దు చేసింది. ఒక్క అభిమానినీ ఎవరూ అడగలేదు. తర్వాతి నెలలో సన్ టీవీ నెట్‌వర్క్ ఏడాదికి 85.05 కోట్లకి హైదరాబాద్ పేరు మీద హక్కు కొనుక్కుంది. కొత్త పేరు, కొత్త రంగు. 2013 వేసవికి అదే ఉప్పల్, అదే జనం, అదే ‘మన’. 2016లో వార్నర్ కెప్టెన్‌గా కప్పు తెచ్చాడు. 2021లో అదే వార్నర్‌ని సీజన్ మధ్యలో కెప్టెన్సీ నుంచి దింపి, తర్వాత జట్టులోంచే తప్పించారు. పాత చొక్కా విప్పి కొత్త చొక్కా తొడుక్కున్నంత తేలిగ్గా అభిమానం మారిపోతే అది అభిమానమేనా?

2024 మార్చి 27న ఆదోని అమ్మాయీ నేనూ ఉప్పల్ వెళ్ళాం. రాయదుర్గంలో మెట్రో ఎక్కితే ఎన్‌జీఆర్‌ఐ దాటాక స్టేడియం పేరుతోనే ఒక స్టేషనుంది. ఆ రాత్రి ముంబై మీద 277 కొట్టారు. హెడ్ 24 బంతుల్లో 62. చుట్టూ జనం గొంతులు బొంగురుపోయేలా ‘హెడ్డూ హెడ్డూ’ అని అరుస్తున్నారు. నేనూ అరిచాను. ముంబై ఆడుతుంటే 64 పరుగులతో నిలబడి పోరాడింది తిలక్ వర్మ, మన హైదరాబాద్ పిల్లవాడే. మా వరసలో సగం మందికి ఎప్పుడు చప్పట్లు కొట్టాలో తెలియలేదు. ఆ మరుసటి ఏడు, 2025 ఏప్రిల్ 6న, గుజరాత్ తరఫున వచ్చిన సిరాజ్ అదే ఉప్పల్‌లో 17 పరుగులకి 4 వికెట్లు తీసి మన జట్టుని పడగొట్టాడు. మనవాడు, మన జట్టు, ఓడింది మనం.

హెడ్ గురించి ఇంకొకటి చెప్పాలి. 2023 నవంబర్ 19న అహ్మదాబాద్‌లో వరల్డ్ కప్ ఫైనల్లో 137 కొట్టి మనల్ని ఓడించింది అతను. కెప్టెన్ పాట్ కమిన్స్. ఆ రాత్రి మన దేశపు అభిమానులు కొందరు హెడ్ భార్యనీ, ఏడాది పాపనీ ఇంటర్నెట్‌లో నోటికి రాని మాటలన్నారు. తమిళ మూలాలున్న, మాక్స్‌వెల్ భార్య విని రామన్‌కీ అదే జరిగింది. సరిగ్గా నెలకి, డిసెంబర్ 19న, హెడ్‌ని 6.80 కోట్లకీ కమిన్స్‌ని 20.50 కోట్లకీ హైదరాబాద్ కొంది. మార్చికల్లా ఇద్దరూ మనవాళ్ళు.

దీన్ని ఒక రకంగా చూస్తే ముచ్చటే. శత్రువు అనే ముద్ర ఇంత తేలిగ్గా రాలిపోయే చోటు మన దేశంలో ఇంకొకటుందా? కులానికీ మతానికీ ఈ సౌకర్యం లేదు కదా. కానీ నాకు గుచ్చుకునేది వేరే. హెడ్‌తో రాజీ అయిపోయింది, అతను పరుగులు చేస్తాడు కాబట్టి. అతని భార్యకి ఎవరూ క్షమాపణ చెప్పినట్టు నేను వినలేదు. ఆమె పరుగులు చేయదు. మగవాళ్ళ ఆటలో ఓటమికి తిట్లు తినటానికీ, గెలుపుకి కెమెరా ముందు నవ్వటానికీ మాత్రమే ఆడవాళ్ళు కావాలి. వేలం బల్ల దగ్గర కూర్చుని ఈ జట్టు లెక్కలు చూసే కావ్య మారన్ కూడా జనానికి ఒక ముఖమే, వికెట్ పడితే దిగులు, సిక్స్ కొడితే గంతు. 2023 జులైలో ‘జైలర్’ పాటల వేడుకలో రజనీకాంత్, టీవీలో ఆ అమ్మాయిని అలా చూడలేకపోతున్నానని, మంచి ఆటగాళ్ళని పెట్టమని కళానిధి మారన్‌కి చెప్పాడు. ప్రేమగానే అన్నాడు. పని చేసేది కూతురైతే సలహా నాన్నకి వెళ్ళింది.

ఇవన్నీ బల్ల దగ్గర ఒకసారి కదిలించి చూశాను. ఈ జట్టు మీద మనకేం హక్కుందని మనదంటున్నాం అన్నాను. కరీంనగర్ కుర్రాడు నావైపు జాలిగా చూసి ‘‘హక్కుంటేనే మనదంటమా అక్కా?’’ అన్నాడు. మిగతావాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు, మా అమ్మ గుర్తొచ్చింది.

సూర్యాపేటలో మా ఇల్లు నాన్న పేరు మీద ఉండేది. అంతకుముందు తాత పేరు మీద. నలభై ఏళ్ళు దాన్ని మా అమ్మ ‘మా ఇల్లు’ అంది. అలికింది, సున్నం వేయించింది, చిట్టీ ఎత్తి వచ్చిన డబ్బుతో బోరుకి కొత్త మోటారు పెట్టించింది. 2019లో నాన్న పోయారు. రెండేళ్ళకి అన్నయ్యలు ఇల్లు అమ్మేద్దామనుకున్నారు, బయానా తీసుకున్నాక అమ్మకి చెప్పారు. అమ్మ ఏడవలేదు, గొడవ పడలేదు. ఒక్కటే అడిగింది: ‘‘బోరు మోటరు మొన్ననే ఏపిచ్చిన గద, దానికేమన్న లెక్క గట్టిన్రా?’’ కట్టలేదు. అమ్మకి చట్టప్రకారం వాటా ఉంది, నాకూ ఉంది. అందుకే ఇద్దరి సంతకాలూ కావలసి వచ్చాయి. ఆఫీసులో అరపూట సెలవు పెట్టి, రిజిస్ట్రేషన్ కచేరీకి వెళ్ళి, ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టాను. ఇంటిచాకిరీ మీద మూడు వందల పేజీల సిద్ధాంత గ్రంథం రాసినదాన్ని, మోటారు సంగతి ఏమైంది అని ఒక్కమాట అడగలేదు. అడిగితే అన్నయ్యలు ఏమనుకుంటారో అనుకున్నాను. అంతే.

హక్కు లేకుండా ‘మన’ అనటం మగవాళ్ళకి ఆటలో దొరికే అనుభవం. ఆడవాళ్ళకి అది బతుకు. జట్టుని రద్దు చేస్తే అభిమానికి చెప్పనక్కర్లేదు, ఇల్లమ్మితే ఇల్లాలికి చివర్లో చెప్తే చాలు. ఈ పోలిక ఇంతవరకే నిలుస్తుందని నాకూ తెలుసు. అభిమాని టీవీ కట్టేసి పడుకోవచ్చు. మా అమ్మ ఇప్పుడు నా దగ్గర కొండాపూర్‌లో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటోంది. దాన్ని ‘మీ ఇల్లు’ అంటుంది.

ఆ రోజుల్లోనే మెల్‌బోర్న్ నుంచి యూనివర్సిటీ స్నేహితురాలు ఫోన్ చేసింది. ఆ ఊరి పడమటి శివార్లలో మన తెలుగువాళ్ళు బాగానే ఉంటారు, ఆమె ఇల్లూ అటే. మార్చిలో మనకి ఐపీఎల్ మొదలైనట్టే వాళ్ళకి అక్కడి ఫుట్‌బాల్ మొదలవుతుంది. మనకి తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతి, చేత్తో గుద్దుతారు, కాలితో తంతారు, మనిషి మీదెక్కి గాల్లో అందుకుంటారు. శీతాకాలంలో క్రికెటర్ల ఒళ్ళు తుప్పు పట్టకుండా ఒక ఆట కావాలని టామ్ విల్స్ అనే క్రికెటర్ 1858లో పత్రికకి ఉత్తరం రాశాడు, అలా పుట్టిన ఆట. 2024 డిసెంబర్‌లో మన విశాఖ నితీశ్ రెడ్డి 114 కొట్టిన ఎంసీజీ మైదానమే ఈ ఆటకీ పెద్ద గుడి. నా స్నేహితురాలి కొడుకు వెస్టర్న్ బుల్‌డాగ్స్ అభిమాని. ‘‘మా ఆఫీసులో కూడా ఇదే గోలే. ఎవరి మోకాలు బాగైంది, ఎవరు రిటైరయ్యారు, ఈసారి ఎనిమిదిలో ఉంటామా లేదా. ఉంటామా అంటున్నాను చూడు’’ అని తనే నవ్వింది.

ఆమె చెప్పిన కథ ఒకటి నన్ను వదల్లేదు. బుల్‌డాగ్స్ పాత పేరు ఫుట్‌స్క్రే, కూలి పనులు చేసుకునే జనం ఉండే పేట. 1989లో అప్పులపాలైన ఆ క్లబ్బుని ఫిట్జ్‌రాయ్ అనే ఇంకో క్లబ్బులో కలిపేస్తున్నామని లీగ్ ప్రకటించింది. అభిమానులు ఊరుకోలేదు. ఇంటింటికీ తిరిగి డబ్బాలు పట్టుకుని వసూలు చేసి, మూడు వారాల్లో పదిహేను లక్షల డాలర్లు కూడబెట్టారు. విలీనాన్ని ఆపమని విక్టోరియా సుప్రీం కోర్టులో కేసు పడింది ఐరీన్ చాట్‌ఫీల్డ్ అనే మహిళా అభిమాని పేరు మీద. క్లబ్బు నిలిచింది. 1954 తర్వాత మళ్ళీ ఎప్పుడూ కప్పు గెలవని ఆ జట్టు 2016లో గెలిచింది. మన సన్‌రైజర్స్ గెలిచిందీ ఆ ఏడే.

ఆమె ఏం ధైర్యంతో కోర్టుకెక్కింది? అక్కడ చాలా క్లబ్బుల్లో చందా కట్టిన సభ్యులే పాలకవర్గాన్ని ఎన్నుకుంటారు, కాబట్టి అభిమానికి ‘మన’ అనటానికి ఒక కాగితం ఉంది. నిజమే. కానీ కాగితం నా దగ్గరా ఉంది కదా. ఐరీన్ చాట్‌ఫీల్డ్ పేరు అప్పటినుంచి ఎన్నిసార్లు తలుచుకున్నానో. ఆమె సంతకం పెట్టింది ఉంచుకోవటానికి. నాది వదిలేసుకోవటానికి.

ఆస్ట్రేలియాని స్వర్గం చేసి చెప్పటం లేదు. అక్కడ ఆడవాళ్ళ లీగ్ మొదలైంది 2017లోనే. మొదటి మ్యాచ్‌కి 24,568 మంది వచ్చి గేట్లు మూసేయాల్సి వచ్చినా, ఆడవాళ్ళ సీజన్ ఇప్పటికీ మగవాళ్ళ సీజన్ కంటే చిన్నది, డబ్బూ తక్కువే. కానీ ఎనిమిది క్లబ్బులతో మొదలైన ఆ లీగ్‌లో 2022కల్లా మొత్తం పద్దెనిమిది క్లబ్బులకీ ఆడవాళ్ళ జట్లు వచ్చాయి. అక్కడి పిల్లకి తన పేట జట్టేదో ఎవరినీ అడగనక్కర్లేదు.

ఆదోని అమ్మాయి అడిగింది. మార్చి 15 రాత్రి ఆడవాళ్ళ ప్రీమియర్ లీగ్ ఫైనల్ జరిగింది, ముంబై ఢిల్లీని 8 పరుగులతో ఓడించింది. మర్నాడు ఆదివారం, సోమవారం బల్ల దగ్గర దాని ఊసే లేదు. ఎప్పటిలాగే హెడ్, అభిషేక్, మూడొందలు. ఉన్నట్టుండి ఆ అమ్మాయి నా చెవిలో అన్నట్టుగా అంది: ‘‘ఆడవాళ్ళ దాంట్లో మనది ఏ టీమక్కా?’’

నేను జవాబు చెప్పలేకపోయాను. 2023లో అయిదు జట్లతో మొదలైన ఆ లీగ్‌లో ముంబై ఉంది, బెంగళూరు ఉంది, ఢిల్లీ, అహ్మదాబాద్, లక్నో ఉన్నాయి. హైదరాబాద్ లేదు. 2025లో ఒక్కో జట్టుకి వేలంలో ఖర్చుపెట్టుకోమన్నది 15 కోట్లు, మగవాళ్ళ జట్టుకి 120 కోట్లు. ఆ ఎనిమిదో వంతులో కూడా మనకి చోటు లేదు. పూర్ణిమా రావు ఊరిది. మిథాలీ రాజ్ పెరిగిన ఊరు. 2022లో రిటైరైన మిథాలీ మరుసటి ఏడు మెంటార్‌గా వెళ్ళింది గుజరాత్ జట్టుకి. ఇంకా వెనక్కి వెళ్తే, 1978 జనవరిలో ఆస్ట్రేలియా ఆడవాళ్ళు ఇంగ్లండుని ఓడించి తమ మొట్టమొదటి వరల్డ్ కప్ ఎత్తుకుపోయింది మన లాల్‌బహదూర్ స్టేడియం నుంచే. లీగ్‌లో ఎన్ని జట్లుండాలో తేల్చేది బోర్డు, ఏ ఒక్క యజమానినో అనటం అన్యాయం. అయినా ఒక విచిత్రం చెప్పకుండా ఉండలేను. సన్ గ్రూపు 2025లో ఇంగ్లండులోని లీడ్స్ జట్టు నార్తర్న్ సూపర్‌చార్జర్స్‌ని పూర్తిగా కొనుక్కుంది. ‘ది హండ్రెడ్’ అనే ఆ పోటీల్లో ప్రతి జట్టుకీ ఆడవాళ్ళ జట్టు కూడా ఉంటుంది. ఆ ఏడు ఆ అమ్మాయిలు కప్పు కూడా గెలిచారు. అంటే హైదరాబాద్ జట్టు యజమానులకి ఆడవాళ్ళ జట్టు ఉంది. లీడ్స్‌లో ఉంది.

మగవాళ్ళ సీజన్ సంగతి మీకు తెలిసిందే. మార్చి 23న మొదటి మ్యాచ్‌లో రాజస్థాన్ మీద 286 కొట్టారు, కిషన్ సెంచరీ. కరీంనగర్ కుర్రాడు స్వీట్లు పంచాడు. ఆ వెంటనే వరసగా నాలుగు ఓడిపోయి చివరికి ఆరో స్థానంలో మిగిలారు. ఎవరూ నిరుత్సాహపడ్డట్టు కనిపించలేదు. మేలోనే వచ్చే ఏడాది లెక్కలు మొదలయ్యాయి.

ఆ ఏడాది నవంబర్ 2న నవీ ముంబైలో మన ఆడవాళ్ళు దక్షిణాఫ్రికాని 52 పరుగులతో ఓడించి వరల్డ్ కప్ గెలిచారు. కడప జిల్లా శ్రీచరణి ఆ పోటీల్లో 14 వికెట్లు తీసింది. సోమవారం ఆఫీసులో గేటు దగ్గరే కేకు కోశారు. బల్ల దగ్గర అందరి నోటా ‘మన అమ్మాయిలు’, ‘మన కడప పిల్ల’. మార్చిలో అదే శ్రీచరణి ఢిల్లీ జట్టులో ఉన్నప్పుడు ఆమె పేరు ఎత్తినవాళ్ళు లేరు. హైదరాబాద్ అరుంధతీ రెడ్డి అదే జట్టులో ఉందని తెలిసినవాళ్ళూ లేరు. నేను కేకు తిన్నాను, బాగుంది. కానీ ఆ ‘మన’లో ఏదో చౌకదనం ఉంది. గెలిచాక దండ వేయటానికి ఏం ఖర్చవుతుంది?

మనుషుల్ని తూకం వేయటం అవమానం అని ఇన్నాళ్ళూ అనుకున్న నాకు అక్కడ ఏదో తిరగబడింది. హర్షల్ పటేల్ ఎనిమిది కోట్లకి వేస్టా కాదా అని ఆరుగురు మనుషులు అన్నం చల్లారిపోతున్నా వాదించుకున్నారు. అతని స్లో బంతి గురించి అరగంట మాట్లాడారు. తప్పుగానే మాట్లాడి ఉండొచ్చు. కానీ అంతసేపూ అతను వాళ్ళ బుర్రల్లో ఉన్నాడు, రేపు అతనేం చేస్తాడో అన్నది వాళ్ళకి ముఖ్యమైంది. అరుంధతి స్లో బంతి గురించి ఎవరు వాదించారు? సీజనుకి ముందు మన మీద ఎవరికీ అంచనా లేకపోవటం, అనుమానం కూడా లేకపోవటం, అది తూకంలో తక్కువ రావటం కంటే పెద్ద అవమానమేమో. పెళ్ళిచూపుల్లో నన్ను చూసినవాళ్ళు కూడా నన్ను తూచలేదని ఇప్పుడనిపిస్తుంది. ఎత్తు, రంగు, జీతం తూచారు. నేను రేపేం రాస్తానో ఎవరూ పందెం కాయలేదు. మా అమ్మ పెట్టించిన మోటారుకి లెక్క కట్టనట్టే.

అలాగని తూకం మంచిదైపోలేదు. ఆఫీసులో రేటింగ్ తక్కువొచ్చి భోజనానికి రాని మనిషి ముఖం నేను మర్చిపోలేదు. లెక్క కట్టేవాడి చేతిలో అవతలివాడి అన్నం ఉన్నప్పటి తూకం వేరు. పెరుగన్నం తింటూ, తన చేతిలో ఏమీ లేనివాడు వేసే తూకం వేరు. ఈ రెండోదాన్ని ఏమనాలో నాకింకా సరైన మాట దొరకలేదు. ఆశ అందామంటే అందులో లెక్కలు ఎక్కువ, అంచనా అందామంటే ప్రేమ ఎక్కువ.

వరల్డ్ కప్ వేడి తగ్గాక ఒక మధ్యాహ్నం ఆదోని అమ్మాయి నోటు పుస్తకంలోంచి కాగితం చింపి ఏదో రాస్తోంది. తొంగి చూస్తే పేర్లు. లేని జట్టుకి పేర్లు. గొంగడి త్రిష, భద్రాచలం పిల్ల, 2025 అండర్-19 వరల్డ్ కప్‌లో 309 పరుగులు చేసింది, ఓపెనర్. సబ్బినేని మేఘన. స్నేహదీప్తి. అరుంధతి. శ్రీచరణి. విశాఖ షబ్నమ్. తమ ఊరి ఎడమచేతి బౌలర్ అంజలీ శర్వాణి పేరు కింద రెండు గీతలు. కోచ్ అన్నచోట మిథాలీ. మేఘన మొదట రావాలా మూడో స్థానంలో రావాలా అని మేమిద్దరం మాట్లాడుకుంటుంటే కరీంనగర్ కుర్రాడు ప్లేటు పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. కాగితం తనవైపు తిప్పుకుని పైనుంచి కిందిదాకా చదివాడు. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు, మొహం చిట్లించాడు.

‘‘బౌలింగ్ ఓకే అక్కా. బ్యాటింగే లేదు. నలభైకి నాలుగు పోతే ఎవరున్నరు ఇండ్ల?’’

‘‘ఎందుకు లేరు? అరుంధతి కొట్టదా ఆఖర్లో? నువ్వెప్పుడన్నా చూసినావా ఆమె బ్యాటింగ్?’’ ఆ అమ్మాయి గొంతు లేచింది. పక్క బల్లవాళ్ళు ఇటు తిరిగి చూశారు.

‘‘ఆఖర్ల కాదక్కా, మధ్యల గురించి చెప్తున్న. అయిదో నంబరు ఎవరు? కీపరేది అసలు?’’

‘‘కీపర్‌ని వెతుకుతాండాంలే. ఆ పెన్ను ఇట్లియ్యి.’’